అలంకారపు రొయ్యల సంతానోత్పత్తిలో ఆహారం పాత్ర

శ్రీసిటీ పారిశ్రామిక వాడకు తూర్పుగా, తడ దాటగానే పులికాట్ సరస్సు కనిపిస్తుంది. ప్రళయ కావేరి అన్నది దాని పాత పేరు. మంచినీరు, ఉప్పునీరు కలిసే సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. శీతకాలంలో రాజహంసలు గుంపులు గుంపులుగా వచ్చి ఇక్కడి లోతులేని నీటిలో మేత మేస్తాయి. వాటిని చూచుటకు ఎక్కడెక్కడి జనమో సూళ్లూరుపేటకు తరలివస్తారు. ఆ పక్షుల ఈకలలోని గులాబి రంగును మెచ్చుకోనివారు లేరు గాని, ఆ రంగు ఎక్కడి నుండి వచ్చినదని ప్రశ్నించేవారు తక్కువ.

అది పుట్టుకతో వచ్చిన రంగు కాదు. గుడ్డు నుండి వెలువడిన రాజహంస పిల్ల బూడిద కలిసిన తెలుపుగా ఉంటుంది. నాచులోను, రొయ్యజాతికి చెందిన సూక్ష్మప్రాణులలోను ఉండే కెరోటినాయిడ్లు అనే వర్ణద్రవ్యాలు మేత ద్వారా శరీరంలో చేరి క్రమంగా ఈకలకు ఎరుపుదనం ఇస్తాయి. మరొక విశేషం గలదు. పిల్లలను సాకే రోజులలో తల్లిదండ్రులు తమ గొంతు భాగంలో ఊరే ఎర్రని పాలవంటి ద్రవాన్ని పిల్లల నోటికి అందిస్తాయి. ఆ రోజులలో పెద్ద పక్షుల రంగు వెలిసిపోతుంది. తాము తిని కూడబెట్టుకొన్న దానిని సంతానానికి ధారపోయుట వలననే ఈ మార్పు.

రాజహంస విషయంలో కంటికి ఇంత స్పష్టంగా కనిపించే ఈ సత్యమే, అది తినే రొయ్యజాతి ప్రాణుల విషయంలోను వర్తిస్తుంది. తల్లి రొయ్య ఏమి తిన్నదో దానిని బట్టియే దాని గుడ్డు, దాని పిల్ల. ఇండ్లలోని అద్దాల తొట్టెలలో పెంచే అలంకారపు రొయ్యలను ఆధారంగా చేసికొని ఈ విషయాన్ని వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం. నెల్లూరు తీరంలోని హేచరీలలో మన ప్రాంతపు యువకులు అనేకులు పనిచేస్తున్నారు. ఆ హేచరీల నుండి పిల్లలను కొనే ఆక్వా రైతులు మన చుట్టుప్రక్కలనే ఉన్నారు. కావున ఇది కేవలం వినోదానికి సంబంధించిన విషయం కాదు.

రొయ్య చేప కాదు

మన ఇండ్లలో ఝీంగా అని పిలుచుకొనే రొయ్యను గురించి ఫిఖ్‌హ్ శాస్త్రంలో ఒక పాత చర్చ కలదు. నీటి ప్రాణులలో చేపను మాత్రమే ఆహారంగా అంగీకరించిన హనఫీ పండితులలో, రొయ్య చేప క్రిందికి వస్తుందా రాదా అన్న విషయమై భిన్నాభిప్రాయాలు ఏర్పడినవి. ధర్మనిర్ణయం పండితులకు వదలి, జంతుశాస్త్రం ఏమంటున్నదో చూస్తే, రొయ్యకు వెన్నెముక లేదు. శరీరం పైన గట్టి పెంకు, కీళ్ళు గల కాళ్ళు ఉన్నవి. కాబట్టి అది చేపకు దూరపు జీవి. పీతకు దగ్గరి చుట్టం, చీమకు, తేనెటీగకు దూరపు బంధువు.

పెంకు పెరగదు కాబట్టి రొయ్య పెరగవలెనంటే పాత పెంకును విడిచి క్రొత్తది తొడుగుకొనవలెను. దీనినే నిర్మోచనం అంటారు. పాము కుబుసం విడుచుట వంటిది. రొయ్య జీవితంలో ఎదుగుదల గాని, జతకట్టుట గాని ఈ నిర్మోచనంతో ముడిపడి ఉంటాయి.

సంతానాన్ని కనే పద్ధతిని బట్టి రొయ్యలను రెండు విధాలుగా గ్రహించవచ్చును. టైగర్ రొయ్య, తెల్ల రొయ్య, వనామి మొదలైనవి పీనియస్ కుటుంబానికి చెందినవి. ఇవి గుడ్లను నేరుగా నీటిలోకి వదలివేస్తాయి. 30 నుండి 45 గ్రాముల బరువు గల వనామి తల్లి ఒక కాన్పులో లక్ష నుండి రెండున్నర లక్షల గుడ్లు పెట్టగలదు. గుడ్డు పరిమాణం మిల్లీమీటరులో నాలుగవ వంతు కూడా ఉండదు. అలంకారపు రొయ్యల పద్ధతి వేరు. ఇవి గుడ్లను పొట్ట క్రింది ఈతకాళ్ళకు అంటించుకొని, పిల్లలు వెలువడేవరకు మోస్తాయి. గుడ్లు తక్కువ, సంరక్షణ ఎక్కువ.

మంచినీటి తొట్టెలలో పెంచే చెర్రీ రొయ్య ఇందుకు మంచి ఉదాహరణ. తూర్పు ఆసియాకు చెందిన ఈ ప్రాణి పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. ఆడది మగదాని కంటె పెద్దది, మరింత ఎర్రనిది. ఒక తడవకు ఇరవై ముప్పై గుడ్లు మోసి, మూడు నాలుగు వారాలలో పొదుగుతుంది. వెలువడిన పిల్ల అచ్చముగా తల్లి రూపంలోనే ఉంటుంది. అలంకార చేపల వ్యాపారానికి దేశమంతటా పేరుగన్న చెన్నై కొళత్తూరు మనకు ఎంతో దూరం లేదు కాబట్టి అక్వేరియం పెంపకం మన విద్యార్థులకు అపరిచితం కాదు.

గుడ్డు తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట

గుడ్డు లోపల రెండు వస్తువులున్నవి. ఒకటి జీవం మొలకెత్తే కణం. రెండవది ఆ జీవం తనంత తాను తినగలిగేవరకు కావలసిన ఆహారం. ఈ రెండవదానినే పీతకం అంటారు. కోడిగ్రుడ్డులో మనం చూచే పచ్చసొన అదే. దూరప్రయాణం చేసే బిడ్డకు తల్లి కట్టి ఇచ్చే సద్దిమూట వంటిది ఇది.

రొయ్యలో పీతకం తయారగుటకు మూలమైన మాంసకృత్తి పేరు విటెల్లోజెనిన్. ఇది కొంత అండాశయంలోను, కొంత కాలేయక్లోమం అనే గ్రంథిలోను తయారై గుడ్లలో చేరుతుంది. రొయ్య తలభాగంలో ఉండే ఈ కాలేయక్లోమమే జీర్ణక్రియకు, ఆహారపు నిల్వకు కేంద్రం. తల్లి తిన్న క్రొవ్వులు, వర్ణద్రవ్యాలు ముందు ఇక్కడ నిల్వయై, గుడ్లు పరిపక్వమయ్యే కాలంలో అండాశయానికి తరలుతాయి. చెర్రీ రొయ్య శరీరం పారదర్శకం కాబట్టి, వీపు పైన పసుపు లేదా ఆకుపచ్చ రంగులో నిండుతున్న అండాశయం బయటికే కనబడుతుంది. గుర్రం పైన వేసిన జీను ఆకారంలో ఉండుటచేత పెంపకందారులు దానిని జీను అనే పిలుస్తారు.

సద్దిమూట విలువ పీనియస్ రొయ్యలలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. గుడ్డు నుండి వెలువడిన తొలి దశను నాప్లియస్ అంటారు. ఇది సుమారు రెండు దినములు ఈదుతుంది, ఆరు ఉపదశలు దాటుతుంది. కాని ఈ కాలమంతటిలో ఒక్క ముద్దయు తినదు. తల్లి ఇచ్చిన పీతకమే దానికి ఆధారం. తరువాత జోయియా దశలో డయాటంలు అనే సూక్ష్మ శైవలాలను, ఆ తరువాత మైసిస్ దశలో ఆర్టీమియా పిల్లలను తినుట నేర్చుకొంటుంది. నాప్లియస్ నుండి జోయియాగా మారే ఆ ఒక్క మలుపులో అనేక పిల్లలు రాలిపోవుట హేచరీ పనివారందరికి అనుభవమే. నీటి దోషం కావచ్చు, క్రిముల దోషం కావచ్చు. కాని మూట ఖాళీగా వచ్చిన పిల్ల, మరే దోషం లేకపోయినను ఆ మలుపు దాటలేదు.

తాను తయారుచేసికొనలేని పదార్థాలు

మాంసకృత్తులు, క్రొవ్వులు, పిండిపదార్థాలు, విటమినులు, ఖనిజాలు అన్ని ప్రాణులకు అవసరమే. కాని తల్లి రొయ్య విషయంలో ప్రత్యేకంగా తెలిసికొనవలసిన పదార్థాలు మూడున్నవి. రొయ్య వీటిని తన శరీరంలో తయారుచేసికొనలేదు, లేదా చాలినంతగా తయారుచేసికొనలేదు. నోటి ద్వారా రావలసినదే.

మొదటిది కొలెస్ట్రాల్. మానవులు దీని పేరు చెబితేనే భయపడతారు. మన కాలేయం దీనిని స్వయంగా తయారుచేయగలదు. రొయ్యకు ఆ శక్తి లేదని జపాను దేశపు శాస్త్రజ్ఞులు టెషిమా, కనజావా 1970 దశకపు ఆరంభంలోనే పరిశోధనల వలన తెలియజేశారు. నిర్మోచనాన్ని నడిపించే ఎక్డైసోన్ అనే హార్మోను కొలెస్ట్రాల్ నుండియే తయారవుతుంది. చెర్రీ రొయ్యలో ఆడది పెంకు విడిచిన వెంటనే జతకట్టి, గుడ్లను పొట్ట క్రిందికి చేర్చుకొంటుంది. కాబట్టి ఆహారంలో కొలెస్ట్రాల్ లోపిస్తే నిర్మోచనం కుంటుపడుతుంది, దాని వెంట కాన్పును కుంటుపడుతుంది.

రెండవది కొన్ని రకాల క్రొవ్వు ఆమ్లాలు. అరాకిడోనిక్ ఆమ్లం, ఈపీఏ, డీహెచ్ఏ అనునవి వీటిలో ముఖ్యమైనవి. పిల్ల శరీరంలోని ప్రతి కణపు పొర, నాడీమండలం, కన్ను వీటితో నిర్మితమవుతాయి. అరాకిడోనిక్ ఆమ్లం నుండి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై అండాశయం పరిపక్వమగుటకు తోడ్పడతాయి. సముద్రపు రొయ్యలకు ఈ ఆమ్లాల అవసరం మరీ ఎక్కువ. మంచినీటి జాతులకు కొంత వెసులుబాటు కలదు.

మూడవది కెరోటినాయిడ్లు, ముఖ్యంగా ఆస్టాగ్జాంథిన్. రొయ్యను ఉడికించినప్పుడు ఎర్రబడుట మనకందరికి తెలిసినదే. పచ్చి రొయ్యలో ఈ ఎర్రని పదార్థం ఒక మాంసకృత్తితో పెనవేసికొని నీలి ఛాయలో దాగి ఉంటుంది. వేడికి ఆ బంధం విడిపోగా అసలు రంగు బయటపడుతుంది. ఇది అలంకారానికి మాత్రమే కాదు. గుడ్డులోని సున్నితమైన క్రొవ్వులు ప్రాణవాయువు తాకిడికి చెడిపోకుండ కాపలా కాస్తుంది. విటమిన్ ఈ, విటమిన్ సీ కూడ ఇదే కాపలా పనిలో పాలుపంచుకొంటాయి. వీటికి తోడు క్రొత్త పెంకు గట్టిపడుటకు కాల్షియం కావలెను. దానిని రొయ్య ఆహారం నుండియు, నీటి నుండియు గ్రహిస్తుంది.

కంటికాడ కథ

ఇంతవరకు ఆహారాన్ని గురించి చెప్పితిమి. బందీస్థితిలో ఉన్న రొయ్య చేత గుడ్లు పెట్టించుటకు మానవుడు కనిపెట్టిన మరొక మార్గం ఉన్నది. అది కొంత కఠినమైనది.

రొయ్య కన్ను ఒక కాడ చివర ఉంటుంది. ఆ కాడలో దృష్టి నాడులతోపాటు కొన్ని హార్మోనులను తయారుచేసే గ్రంథి కలదు. ఆ హార్మోనులలో ఒకటి అండాశయం ఎదుగుదలను అదుపులో ఉంచుతుంది. పరిస్థితులు అనుకూలంగా లేనప్పుడు గుడ్లు పెట్టకుండ ఆపే పగ్గం వంటిది ఇది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పనూజ్ 1943లో ఒక జాతి రొయ్యకు కంటికాడను తొలగించగా, అండాశయం వేగంగా పెరుగుట గమనించాడు. పగ్గం తెగినది కాబట్టి గుర్రం పరుగెత్తినదన్నమాట. తరువాతి కాలంలో ప్రపంచమంతటి హేచరీలలో ఒక ప్రక్క కంటికాడను తొలగించుట వాడుకలోనికి వచ్చినది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కేరళలోని నారక్కల్ ప్రయోగశాలలో 1970 దశకంలో ఈ విధానంపై కృషి చేశారు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం ఒకటి కలదు. కంటికాడను కోయుట వలన గుడ్లు త్వరగా తయారవుతాయి. కాని ఆ గుడ్లలో నింపవలసిన పదార్థం కత్తి నుండి రాదు. అది తల్లి నిల్వలోనుండియో, ఆనాటి ఆహారంలోనుండియో రావలసినదే. మరల మరల కాన్పు వచ్చే తల్లికి తిండి తగినంత లేకపోతే, తన శరీరంలోని నిల్వను కరిగించి గుడ్లలో పోస్తుంది. నిల్వ తరిగిన కొలది గుడ్ల నాణ్యత తగ్గుతుంది, తల్లియు క్షీణిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో మేలైన ఆహారం, ఎంపిక చేసిన తల్లుల సహాయంతో కంటికాడను కోయకుండనే వనామి పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీలు వెలసినవి. ప్రాణిని హింసించకుండ కడుపు నిండా పెట్టి ఫలితం పొందవచ్చునని దీని వలన తేటతెల్లమైనది.

అలంకారపు రొయ్యలకు ఈ శస్త్రచికిత్స అవసరమే లేదు. తొట్టెలో శాంతి, శుభ్రమైన నీరు, సరియైన ఆహారం ఉంటే వాటంతట అవే గుడ్లు మోస్తాయి. అందుచేత ఆహారం ప్రభావాన్ని స్వచ్ఛంగా పరిశీలించుటకు అవి చక్కని సాధనం.

మన తీరంలో తల్లి రొయ్యల భోజనం

జపాను శాస్త్రజ్ఞుడు మోటోసాకు ఫుజినాగ 1934లో కురుమా జాతి రొయ్య చేత గుడ్లు పెట్టించి పిల్లలను పొందుటతో హేచరీ విద్యకు పునాది పడినది. అయితే అతడు వాడినవి సముద్రంలోనే పరిపక్వమైన తల్లులు. అనగా తల్లికి అన్నం పెట్టే బాధ్యత సముద్రానిదే. తొట్టెలోనే తల్లిని సిద్ధం చేయవలసి వచ్చినప్పుడు ఆ బాధ్యత మానవునిపై పడినది.

ఆంధ్ర తీరంలో 1980 దశకం చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ విశాఖపట్నం వద్ద టాస్పార్క్ అనే హేచరీని నెలకొల్పినది. తరువాత నెల్లూరు, ప్రకాశం, కాకినాడ తీరాలలో ప్రైవేటు హేచరీలు విస్తరించినవి. 1994 ప్రాంతంలో వచ్చిన తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్యల సాగును కుదిపివేసినది. నెల్లూరు రైతులు ఆ నష్టాన్ని ఈనాటికిని చెప్పుకొంటారు. 2009 నుండి ప్రభుత్వ నియమాలకు లోబడి వనామి సాగుకు అనుమతి లభించినది. విదేశాల నుండి వచ్చే తల్లి వనామిలను చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించిన తరువాతనే హేచరీలకు ఇస్తారు.

ఇట్లు వచ్చిన తల్లులకు పెట్టే భోజనం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. స్క్విడ్ ముక్కలు, ఆల్చిప్పల మాంసం, ఎదిగిన ఆర్టీమియా, అన్నింటికి మించి పాలీకీట్లు అనే సముద్రపు పురుగులు, దినమునకు అనేక పర్యాయాలు ఇస్తారు. తాజా ఆహారం రొయ్యల బరువులో నూటికి 20 నుండి 30 వంతుల వరకు ఉండుట కలదు. స్క్విడ్ వలన కొలెస్ట్రాల్, డీహెచ్ఏ లభిస్తాయి. ఉప్పుబురదలో బ్రతికే పాలీకీట్లలో అరాకిడోనిక్ ఆమ్లం పుష్కలం. ఒక్కొక్క వంటకం ఒక్కొక్క లోటును పూరిస్తుంది. కావుననే ఏ ఒక్కటియు చాలదు. కంపెనీలు తయారుచేసిన గుళికల మేత కొంతవరకు ఉపయోగపడినను, తాజా ఆహారాన్ని పూర్తిగా తొలగించుట ఈనాటికిని కష్టముగనే ఉన్నది.

అయితే ఈ మేలైన భోజనంలోనే ఒక ముల్లు దాగి ఉన్నది. బురదలో నుండి త్రవ్వి తెచ్చిన పాలీకీట్లలో తెల్లమచ్చల వైరస్, ఈహెచ్‌పీ అనే సూక్ష్మపరాన్నజీవి ఉండవచ్చునని పరీక్షలలో తేలినది. విమానంలో వచ్చి, క్వారంటైన్ దాటి, రోగరహితమని ధ్రువపత్రం పొందిన తల్లికి చివరకు మనమే తిండితోపాటు రోగం పెట్టినట్లవుతుంది. గడ్డకట్టించినంత మాత్రాన వైరస్ నశించదు. తగిన వేడిలో శుద్ధి చేయుట, లేదా రోగరహితంగా తొట్టెలలో పెంచిన పాలీకీట్లను వాడుట సరియైన మార్గం. ఇందులో ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చుకు వెనుకాడిన చోట నష్టం హేచరీ గోడలు దాటి రైతు చెరువుకు చేరుతుంది. సంచిలో నీరు, గాలి పట్టించి ఇచ్చిన పిల్లలను కొనే రైతు వాటి తల్లిని ఎన్నడును చూడడు. ఆ తల్లి ఏమి తిన్నదో ఎరుగడు. అప్పు తెచ్చి చెరువు నింపిన అతని పంట ఆ ఎరుగని భోజనంపై ఆధారపడి ఉంటుంది.

సముద్రపు అలంకారపు రొయ్యలు

ప్రవాళ భిత్తికలలో నివసించే అలంకారపు రొయ్యల అందం వర్ణనాతీతం. చేపల ఒంటిని శుభ్రం చేసి జీవించే లిస్మాటా, ఎరుపు తెలుపు పట్టీల స్టీనోపస్, సముద్రపు నక్షత్రాలను మాత్రమే తినే హైమెనోసెరా వీటిలో కొన్ని. హైమెనోసెరా ఆహారపు పట్టుదల ఎంతటిదనగా, నక్షత్రపు చేప దొరకని తొట్టెలో దానిని పెంచుట సాధ్యం కాదు. ఇక సంతానోత్పత్తి మాట చెప్పనక్కరలేదు.

వీటి పిల్లలు చెర్రీ రొయ్య పిల్లల వంటివి కావు. డింభక దశలో నీటిలో తేలియాడుతూ వారాల తరబడి, కొన్ని జాతులలో నెలల తరబడి గడుపుతాయి. పుట్టిన వెంటనే ఆహారం దొరకకపోతే తల్లి ఇచ్చిన నిల్వయే దిక్కు. ఆ నిల్వ ఎంత ఎక్కువైతే ఆకలికి అంత సేపు తాళగలవు. వ్యాపారంలో ఉన్న సముద్రపు అలంకారపు రొయ్యలలో అధికభాగం నేటికిని ప్రవాళ భిత్తికల నుండి పట్టి తెచ్చినవే అగుటకు ఈ కష్టం ఒక ముఖ్యకారణం. మన దేశంలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ లక్షద్వీపాలలోని అగత్తి దీవిలో ఈ రొయ్యలను పెంచే కేంద్రాన్ని నడిపి, అక్కడి స్త్రీలకు పెంపకంలో శిక్షణ ఇచ్చినది. ఆ దీవి నివాసులు దాదాపు అందరు ముస్లింలే. సముద్రాన్ని దోచకుండ, ఇంటి వద్దనే తొట్టెలో పిల్లలను తీసి జీవనం సాగించుటకు ఆ స్త్రీలు చేసిన యత్నం మన విద్యార్థినులు గమనించదగినది.

అద్దాల తొట్టెలో ఏమి పెట్టవలెను?

చెర్రీ రొయ్య సహజంగా రాళ్ళపైన, ఆకులపైన ఏర్పడే పలుచని నాచుపొరను గీకి తింటుంది. కాబట్టి కొన్ని వారాలు నీరు నిలిపి, నాచుపొర పట్టిన తొట్టెలోనే దీనిని విడువవలెను. మన బడుల ఆవరణలలో నీడనిచ్చే బాదం చెట్టు రాల్చిన ఎండుటాకు దీనికి చక్కని ఆహారపీఠం. ఆకు మెల్లగా కుళ్ళుతున్న కొలది దానిపై పెరిగే సూక్ష్మజీవులను రొయ్యలు ఇష్టంగా తింటాయి.

కూరలలో ఉడికించిన పాలకూర, గుమ్మడి, కీరదోస ముక్కలు మంచివి. పాలకూరలోను, గుమ్మడిలోను కెరోటినాయిడ్లు ఉన్నవి. అయితే కూరలు మాత్రమే పెడితే మాంసకృత్తులు, కొలెస్ట్రాల్ కొరతపడతాయి. వారానికి ఒకటి రెండు పర్యాయాలు బియ్యపుగింజంత ఉడికించిన చేప గాని, ఆల్చిప్ప మాంసం గాని ఇచ్చినచో ఆ లోటు తీరుతుంది. స్పైరులినా పొడి కూడ శ్రేష్ఠం. కాల్షియం కొరకు ఆయుర్వేద దుకాణాలలో దొరికే సముద్రఫేనం చిన్న ముక్కను తొట్టెలో వేయవచ్చును.

మేలు చేయవలెనని అధికంగా పెట్టుట కీడు చేస్తుంది. తినగా మిగిలిన ఆహారం కుళ్ళి అమ్మోనియా పుట్టిస్తుంది. దాని వలన గుడ్లు మోస్తున్న తల్లి గుడ్లను జార్చివేయుట కలదు. రెండు మూడు గంటలలో మిగిలినదానిని తీసివేయవలెను. పురుగుమందు చల్లిన కూరలను బాగుగా కడుగవలెను. రాగి లోహం రొయ్యకు విషం. రాగి బిందెలో నిలువచేసిన నీరు మనకు మంచిదని పెద్దలు చెప్పుదురు గాని రొయ్యకు పనికిరాదు. మరొక ముఖ్యమైన మాట. పెంచలేక విసుగెత్తిన విదేశీ రొయ్యలను కాళంగి నదిలో గాని, చెరువులలో గాని ఎన్నడును వదలరాదు. వాటి వెంట వచ్చే రోగాలు మన నీటి ప్రాణులకు సోకగలవు.

విద్యార్థులు చేయదగిన ప్రయోగం

ఈ విషయాన్ని నమ్మవలెనని ఎవరిని కోరనక్కరలేదు. కళాశాల ప్రయోగశాలలోనే పరీక్షించి చూడవచ్చును. ఒకే పరిమాణం గల నాలుగు అద్దాల తొట్టెలు తీసికొని, నీటితో నింపి, నాచుపొర పట్టేవరకు కొన్ని వారాలు ఒకే వెలుతురులో ఉంచవలెను. ఒక్కొక్క దానిలో ఒకే ఈడు గల పది ఆడ, ఐదు మగ చెర్రీ రొయ్యలను విడువవలెను. రెండు తొట్టెలకు ఆకులు, కూరలు మాత్రమే ఇవ్వవలెను. మిగిలిన రెండింటికి వాటితోపాటు వారానికి రెండుసార్లు ఉడికించిన ఆల్చిప్ప మాంసం ఇవ్వవలెను. ఒక్కొక్క ఆహారానికి రెండేసి తొట్టెలు ఎందుకనగా, ఒక తొట్టెలో కలిగిన ఫలితం ఆహారం వలననా, యాదృచ్ఛికమా అని తేల్చుకొనుటకు.

తరువాత లెక్కలు వ్రాయవలెను. వీపుపై జీను ఎన్ని దినాలకు కనిపించినది? ఎన్ని తల్లులు గుడ్లు మోసినవి? ఎన్ని దినాలకు పిల్లలు వెలువడినవి? ఎన్ని పిల్లలు? ముప్పయ్యవ దినం నాటికి బ్రతికి ఉన్నవి ఎన్ని? ఈ చివరి ప్రశ్న అన్నింటికంటె ముఖ్యం. గుడ్ల సంఖ్య తల్లి వేగాన్ని చెబుతుంది. బ్రతికిన పిల్లల సంఖ్య తల్లి ఆహారాన్ని చెబుతుంది. మూడు నాలుగు నెలలలో ముగిసే ఈ పనికి ఖరీదైన యంత్రములేవియు అక్కరలేదు. కళాశాల కమిటీ పెద్దలు నాలుగు తొట్టెలకు ఏర్పాటు చేసినచో, మన విద్యార్థులు రేపు హేచరీ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు బకెట్లు మోయువారుగా గాక, లెక్క చూచి తప్పు పట్టగలవారుగా వెళ్ళగలరు.

ముగింపు

చెప్పినదానిని సంగ్రహిస్తే తేలే విషయం ఇది. బందీస్థితిలో ఉన్న ప్రాణి తన ఆహారాన్ని తాను వెదకుకొనలేదు. సముద్రంలో, వాగులో దానికి ఏ లోటు కలిగినను మరొక చోటికి పోయి పూరించుకొంటుంది. తొట్టెలో మనం పెట్టినదే దాని ప్రపంచం. మనం మరచిన పదార్థం తల్లి శరీరంలో తరుగై, గుడ్డులో కొరతయై, పిల్లలో మరణంగా బయటపడుతుంది. కత్తితో తొందరపెట్టవచ్చును గాని లోటు పూడ్చలేము.

ఈ సూత్రం రొయ్యతోనే ఆగిపోదు. ఇంటిలో అందరు తిన్న తరువాత మిగిలినదానితో సరిపెట్టుకొనే తల్లులు మన సమాజంలో ఈనాటికిని ఉన్నారు. గర్భిణి అయినను ఆ వరుస మారని ఇండ్లు ఉన్నవి. ఆమె పళ్ళెంలో తగ్గినది ఆమె ఒక్కదానికే తగ్గినట్లు కాదు. అద్దాల తొట్టెలో చిన్న రొయ్య వీపుపై నిండుతున్న జీనును చూచిన విద్యార్థి ఈ మాటను ఇంటికి తీసికొని వెళ్ళి, నేటి రాత్రి భోజనంలో తల్లికి ముందుగా వడ్డించినచో, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.